ఎంపిక ఎవరిది, నష్టభయం ఎవరిది: భారతదేశంలో ఉద్యోగ విరమణ ఖాతాల చరిత్ర (1957–2025)

వ్యాససంగ్రహం

ఉద్యోగ విరమణ తరువాతి జీవనభృతిని గురించి మన చర్చలు సాధారణంగా మొత్తాల చుట్టూ తిరుగుతాయి. ఎంత కోత పడింది, ఎంత చేతికి వస్తుంది అన్నవే అందులో ప్రధాన ప్రశ్నలు. ఈ వ్యాసం మరొక ప్రశ్నను ముందుకు తెస్తుంది. ధరలు, వడ్డీ రేట్లు, మార్కెట్లు, ఆయుర్దాయం ఎటు మొగ్గుతాయో తెలియనప్పుడు ఆ అనిశ్చితిని ఏ కాలంలో ఎవరు భరించారు? దాన్ని భరించినవారికి నిర్ణయాధికారం ఉండినదా? 1957 నాటి రైల్వే ఐచ్ఛికం నుంచి 2025 నాటి ఏకీకృత పింఛను పథకం వరకు ఈ ప్రశ్నను అనుసరించి చూస్తే, 2004 తరువాత ప్రభుత్వోద్యోగికి నష్టభయం ముందు వచ్చిందనీ, ఎంపిక పదిహేనేళ్ళ తరువాత గాని రాలేదనీ తేలుతుంది.

కీలకపదాలు: పింఛను, భవిష్యనిధి, సీపీఎస్, ఎన్.పి.ఎస్., యాన్యుటీ, నష్టభయం, ఐచ్ఛికం.

1. ప్రస్తావన

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకు సంవత్సరంలో రెండు తేదీలు ప్రత్యేకమైనవి. డిసెంబరు 17ను విశ్రాంత ఉద్యోగులు పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకుంటారు. సెప్టెంబరు 1ని సర్వీసులో ఉన్నవారిలో ఒక పెద్ద వర్గం ‘పింఛను విద్రోహ దినం’గా పాటిస్తుంది. మొదటిది 1982లో సుప్రీంకోర్టు వెలువరించిన నకారా తీర్పుకు గుర్తు. రెండవది 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాంట్రిబ్యూటరీ పింఛను పథకం, వాడుకలో సీపీఎస్, అమలులోకి వచ్చిన రోజు. ఈ రెండింటికీ మధ్య నిండా ఇరవై రెండేళ్ళు కూడా లేవు. ఒకే కళాశాలలో, ఒకే పాఠం చెప్పే ఇద్దరు అధ్యాపకులలో ఒకరు మొదటి తేదీకి, మరొకరు రెండవ తేదీకి చెందినవారు కావడానికి వారి నియామక ఉత్తర్వు మీది తేదీ తప్ప వేరే కారణం లేదు.

ఈ విభజనను ‘పాత పింఛను – కొత్త పింఛను’ అనే జంటపదంతో చెప్పుకోవడం అలవాటైంది. ఆ మాట వింటే పాతది అనాదిగా ఉన్నదనీ, కొత్తది ఒక్కరోజున దాన్ని కూల్చిందనీ అనిపిస్తుంది. చరిత్ర అంత సూటిగా లేదు. నేడు మనం పాత పింఛను అని పిలుస్తున్న వ్యవస్థ తన పూర్తి రూపంలో నిలిచింది రెండు దశాబ్దాలకు లోపే. దానికి ముందు కూడా ఉద్యోగులు ఖాతాకూ పింఛనుకూ మధ్య ఎంచుకోవలసిన సందర్భాలు వచ్చాయి. ఆ ఎంపికల ఫలితాలు న్యాయస్థానాల దాకా వెళ్ళాయి. సీపీఎస్ చర్చలో ఆ పూర్వరంగం దాదాపు వినిపించదు.

నష్టభయం అనే మాటను ఈ వ్యాసంలో మార్కెట్ ఒడిదుడుకులకే పరిమితం చేయడం లేదు. విరమణ నాటికి వడ్డీ రేటు పడిపోవడం, విరమణ తరువాత ధరలు పెరగడం, అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం బ్రతకడం, ఖాతాలో సకాలంలో సొమ్ము జమ కాకపోవడం కూడా నష్టభయాలే. ఈ చివరి నాలుగూ షేర్ మార్కెట్‌లో ఒక్క రూపాయి పెట్టనివారిని కూడా తాకుతాయి.

2. అనుగ్రహం నుంచి హక్కుకు

హైదరాబాదు రాజ్యంలో పింఛనును ‘వజీఫా’ అనేవారు. మంచి సేవకు ప్రతిఫలంగా పాలకుడు ఇచ్చే భృతి అన్న భావం ఆ మాటలో ఉంది. బ్రిటిషు పాలిత ప్రాంతాల చట్టంలోనూ భావం వేరు కాదు. 1871 నాటి పింఛనుల చట్టం ప్రభుత్వం ఇచ్చే పింఛను విషయంలో సివిల్ కోర్టులు దావాలు స్వీకరించరాదని నిర్దేశించింది. ఇచ్చేవాడి దయ మీద ఆధారపడిన సొమ్ముకు మార్కెట్ భయం లేకపోవచ్చు. ఇచ్చేవాడి మనసు మారుతుందేమోనన్న భయం మాత్రం ఉంటుంది.

స్వాతంత్ర్యానంతరం ఈ వ్యవస్థ ముక్కలు ముక్కలుగా మారింది. ఉద్యోగి మరణిస్తే భార్యాబిడ్డలకు అందే కుటుంబ పింఛను కేంద్రంలో 1964 జనవరి 1 నుంచి విస్తృత రూపంలో వచ్చింది. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పింఛను ప్రభుత్వ దయాభిక్ష కాదనీ, ఉద్యోగి హక్కు అనీ ప్రకటించింది. మూడవ వేతన సంఘం తరువాత, అంటే 1973 అనంతరం, ధరల సూచిని బట్టి పింఛనుకు కరువు ఉపశమనం కలపడం స్థిరపడింది. అంతకు ముందు విరమించినవారి పింఛను రూపాయల్లో స్థిరంగా ఉండి, విలువలో ఏటేటా కరిగేది.

1979 మే 25న కేంద్రం పింఛను లెక్కింపు సూత్రాన్ని ఉదారం చేసింది. అయితే ఆ ఏడాది మార్చి 31న గాని, ఆ తరువాత గాని విరమించినవారికే దాన్ని వర్తింపజేసింది. 1972లో విరమించిన డి.ఎస్. నకారా, మరికొందరు, ‘కామన్ కాజ్’ సంస్థతో కలిసి దీన్ని సవాలు చేశారు. 1982 డిసెంబరు 17న రాజ్యాంగ ధర్మాసనం, జస్టిస్ డి.ఎ. దేశాయ్ రాసిన తీర్పులో, విరమణ తేదీని బట్టి పింఛనుదారులను విడదీయడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని కొట్టివేసింది. నాలుగవ వేతన సంఘం సిఫారసుల మేరకు 1986 జనవరి 1 నుంచి శ్లాబుల లెక్క పోయి, సగటు వేతనంలో నేరుగా 50 శాతం పింఛనుగా స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1979 అక్టోబరు 29 నుంచి అమలైన సవరించిన పింఛను నియమావళి, అదే 1980 నియమావళిగా ప్రసిద్ధం, 33 ఏళ్ళ అర్హ సర్వీసును పూర్తి పింఛనుకు ప్రమాణంగా పెట్టుకుంది.

సగం వేతనం, ధరలతో పెరిగే ఉపశమనం, కుటుంబానికి రక్షణ, కోర్టులో నిలబడే హక్కు. ఈ నాలుగూ ఒకచోట కలిసి కేంద్రోద్యోగికి లభించిన కాలం 1986 నుంచి 2003 చివరి వరకు, అంటే పద్దెనిమిదేళ్ళు. ఆ కాలంలో చేరినవారు ఇంకా విరమించకముందే తలుపు మూసుకుంది. ‘పాత పింఛను’ జ్ఞాపకం ఎంత బలమైనదో, దాని వయస్సు అంత చిన్నది.

3. రైల్వే ఐచ్ఛికం: తొలి ఎంపిక

ఖాతాకూ పింఛనుకూ మధ్య ఎంచుకొమ్మని ఉద్యోగిని అడగడం 2025లో కొత్తగా వచ్చింది కాదు. రైల్వే ఉద్యోగులకు చిరకాలం పింఛను లేదు. ఉద్యోగి చందాకు యాజమాన్యం తన వాటా చేర్చే భవిష్యనిధి ఉండేది. విరమణ నాడు వడ్డీతో సహా మొత్తం ఒకేసారి చేతికి వచ్చేది. 1957 నవంబరు 16న రైల్వే బోర్డు పింఛను పథకాన్ని ప్రవేశపెట్టింది. కొత్తగా చేరేవారికి పింఛను తప్పనిసరి. అప్పటికే సర్వీసులో ఉన్నవారు భవిష్యనిధిలోనే ఉండవచ్చు, లేదా పింఛనుకు మారవచ్చు.

చాలామంది నిధిలోనే ఉండిపోయారు. దాన్ని అవివేకమనడం సరికాదు. నాటి సగటు ఆయుర్దాయం తక్కువ. పింఛను జీవించినంత కాలమే. విస్తృతమైన కుటుంబ పింఛను ఇంకా రాలేదు. ధరలతో పాటు పింఛను పెరుగుతుందన్న హామీ లేదు. ఎదురుగా కూతురి పెళ్ళికో, ఇంటికో, ఊళ్ళో నాలుగు ఎకరాలకో పనికివచ్చే ఏకమొత్తం ఉంది. ఉద్యోగి పోయినా ఆ సొమ్ము ఇంటివాళ్ళకు మిగులుతుంది. 1957లో కూర్చుని లెక్క వేసినవాడికి భవిష్యనిధి సురక్షితమైన పక్షంగా కనిపించడం సహజం.

తరువాతి మూడు దశాబ్దాలు ఆ లెక్కను తలకిందులు చేశాయి. ఆయుర్దాయం పెరిగింది. ధరలు పెరిగాయి. కుటుంబ పింఛను, కరువు ఉపశమనం, 1979 సూత్రం, 1986 సూత్రం ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. ఇవన్నీ పింఛను వైపే చేరాయి. నిధి వైపు ఉన్నవాడి ఖాతా విరమణ నాడే ముగిసింది కనుక అతనికి చేర్చడానికి ఏమీ లేదు. ప్రభుత్వం సర్వీసులో ఉన్నవారికి పన్నెండు పర్యాయాలు ఐచ్ఛికం ఇచ్చింది. 1987 మే 1 నాటి ఉత్తర్వుతో, 1986 జనవరి 1 నాటికి సర్వీసులో ఉన్న భవిష్యనిధి సభ్యులు వద్దని రాసి ఇస్తే తప్ప పింఛనుకు మారినట్లే పరిగణించింది. ఎంపిక దిశే మారింది: 1957లో పింఛను కావాలంటే అడగాలి, 1987లో వద్దంటేనే అడగాలి.

ఈ ఐచ్ఛికాలకు ముందే విరమించినవారు నకారా తీర్పును ఆధారం చేసుకొని కోర్టుకు వెళ్ళారు. కృష్ణకుమార్ కేసులో 1990 జులైలో రాజ్యాంగ ధర్మాసనం వారి వాదనను తిరస్కరించింది. ఆ తీర్పు తర్కం మన చర్చకు కీలకం. భవిష్యనిధిలో ప్రభుత్వ బాధ్యత ఖాతా తెరవడంతో మొదలై విరమణతో ముగుస్తుంది. పింఛనులో ప్రభుత్వ బాధ్యత విరమణతోనే మొదలవుతుంది. కనుక ఇద్దరూ ఒక వర్గం కారు. చట్టరీత్యా ఇది స్పష్టమైన మాట. చరిత్రకారుడికి అందులో మరొకటి కనిపిస్తుంది. ఖాతా అంటే ప్రభుత్వం తన బాధ్యతకు ఒక ముగింపు తేదీ వేసుకోవడం. ఆ తేదీ తరువాత జరిగేదంతా, ధరలు, వడ్డీ, ఆయుష్షు, ఖాతాదారు భాగమే.

అయితే చట్టం ముగిసిందన్నచోట రాజకీయం ముగియలేదు. 1960 నవంబరుకూ 1985 చివరికీ మధ్య విరమించిన భవిష్యనిధి సభ్యులకు 1997 నవంబరు 1 నుంచి నెలకు 600 రూపాయల ఎక్స్‌గ్రేషియా మంజూరైంది. కోర్టులో ఓడినవారికి ఖజానా నుంచి కొంత దక్కింది. మూసివేసిన ఖాతాలను ప్రభుత్వమే మళ్ళీ తెరవవలసి వచ్చిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

4. ఓయసిస్ నుంచి సచివాలయానికి

1990ల చివర వేరొక దిశ నుంచి కొత్త ఆలోచన వచ్చింది. చిలీ 1981లో ప్రభుత్వ పింఛనును వ్యక్తిగత ఖాతాలుగా మార్చింది. 1994లో ప్రపంచ బ్యాంకు వార్ధక్య సంక్షోభంపై వెలువరించిన నివేదిక ఆ నమూనాకు ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించింది. భారతదేశంలో సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ చేపట్టిన ఓయసిస్ ప్రాజెక్టుకు సెబీ మాజీ అధ్యక్షుడు ఎస్.ఎ. దవే నాయకత్వం వహించారు. 2000 జనవరిలో అందిన దాని నివేదిక అసంఘటిత రంగ కార్మికుల కోసం వ్యక్తిగత విరమణ ఖాతాను ప్రతిపాదించింది. అందులో ఖాతాదారు ఎంచుకోవడానికి మూడు బాణీలు ఉన్నాయి: సురక్షితమైనది, సమతుల్యమైనది, వృద్ధిని ఆశించేది. అంటే ఖాతా ఆలోచనలోనే ఎంపిక అంతర్భాగం.

ప్రభుత్వం ఈ నమూనాను ముందుగా అమలు చేసింది అసంఘటిత కార్మికులపై కాదు, తన సొంత ఉద్యోగులపై. కేంద్రోద్యోగుల విషయాన్ని పరిశీలించిన బి.కె. భట్టాచార్య సంఘం 2002లో హామీనీ ఖాతానూ కలిపిన మిశ్రమ పద్ధతిని సూచించింది. ఆ మధ్యేమార్గాన్ని పక్కన పెట్టి, 2003 డిసెంబరు 22 నాటి ప్రకటనతో, 2004 జనవరి 1 తరువాత చేరేవారికి పూర్తిగా చందా ఆధారిత పథకాన్ని కేంద్రం తెచ్చింది. సాయుధ దళాలను మినహాయించింది. చిలీలోనూ సైన్యాన్ని మినహాయించారన్నది గమనార్హం. ఖాతా అంత మేలైనదైతే దానికి ముందుగా అర్హులు కావలసినవారికే ఎందుకు వద్దనిపించిందో ఆ రెండు దేశాల పత్రాలూ చెప్పవు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004 సెప్టెంబరు 22 నాటి ఉత్తర్వులతో, అదే నెల 1వ తేదీ నుంచి చేరినవారికి సీపీఎస్‌ను వర్తింపజేసింది. మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో ఉద్యోగి నుంచి 10 శాతం, ప్రభుత్వం నుంచి అంతే. ఈ తేదీ గీత ఎవరిని ఎటు పడేసిందో చెప్పడానికి డీఎస్సీ-2003 ఉపాధ్యాయుల ఉదంతం చాలు. 2003లో ప్రకటన వెలువడినా నియామకాలు గడువు దాటాక జరగడంతో వారు సీపీఎస్ వైపు పడ్డారు. నియామక ప్రక్రియ ఆలస్యం వారి చేతిలో లేనిది. ఇటువంటి కేంద్రోద్యోగులకు, అంటే 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన ఖాళీలలో నియమితులైనవారికి, 2023 మార్చిలో కేంద్రం ఒక పర్యాయం పాత పింఛను ఐచ్ఛికం ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఆధారంగానే డీఎస్సీ-2003 వారు తమ వాదనను బలపరచుకున్నారు.

5. ఎంపిక లేని నష్టభయం: 2004–2019

కొత్త పథకం మొదటి నాలుగేళ్ళు పేరుకే మార్కెట్ ఆధారితం. కేంద్రోద్యోగుల చందాలు ప్రభుత్వ ఖాతాలో 8 శాతం వడ్డీతో ఉండేవి. 2008లో ఎన్.పి.ఎస్. ట్రస్టు ఏర్పడి, ఏప్రిల్ 1 నుంచి ఎస్.బి.ఐ., యు.టి.ఐ., ఎల్.ఐ.సి.ల అనుబంధ సంస్థలు మదుపు చేయడం ప్రారంభించాయి. ప్రభుత్వ సెక్యూరిటీలలో 55 శాతం వరకు, కంపెనీ ఋణపత్రాలలో 40 శాతం వరకు, షేర్లలో 15 శాతానికి మించకుండా అన్నది నాటి విభజన. మూడు సంస్థలలో ఏ సంస్థకు ఎంత వెళ్ళాలో, ఏ పెట్టుబడిలో ఎంత ఉండాలో నిర్ణయించింది ప్రభుత్వం. ఉద్యోగికి ప్రాన్ సంఖ్య వచ్చింది. ఏడాదికొక లెక్కల పత్రం వచ్చింది.

2009 మే 1న ఇదే పథకాన్ని పౌరులందరికీ తెరిచారు. అక్కడ పరిస్థితి వేరు. స్వచ్ఛందంగా చేరినవారు నిధి నిర్వాహక సంస్థను ఎంచుకోవచ్చు. షేర్లు, కంపెనీ ఋణపత్రాలు, ప్రభుత్వ సెక్యూరిటీల మధ్య పాళ్ళు నిర్ణయించుకోవచ్చు. ఆ శ్రమ వద్దనుకుంటే వయస్సును బట్టి నడిచే స్వయంచాలక మార్గం ఉంది. అందులో 35 ఏళ్ళ వరకు సగం షేర్లలో ఉండి, ఏటేటా తగ్గుతూ 55 నాటికి పదో వంతుకు చేరుతుంది. విరమణ దగ్గరపడేకొద్దీ నష్టాన్ని పూడ్చుకొనే వ్యవధి తగ్గుతుంది కనుక షేర్ల పాలు తగ్గాలన్నది దీని వెనుక సూత్రం. ఒక వైపు చేరనవసరం లేని పౌరుడికి పూర్తి ఎంపిక. మరొక వైపు తప్పనిసరిగా చేరిన ఉద్యోగికి ఏ ఎంపికా లేదు. ఇరవై ఐదేళ్ళ గుమాస్తాకూ, యాభై ఎనిమిదేళ్ళ అధ్యాపకుడికీ ఒకే పాళ్ళు. ఇందులోని అసంగతి పదేళ్ళపాటు ఎవరికీ తోచనట్లే గడిచిపోయింది.

అదే కాలంలో ప్రైవేటు రంగంలోని భవిష్యనిధి సభ్యుడి స్థితిని పక్కన పెట్టి చూడాలి. 1952 చట్టం కింద నడిచే ఆ నిధిలో అతనికీ పెట్టుబడి ఎంపిక లేదు. కాని ఏటా ప్రకటించిన వడ్డీ అతనికి జమ అవుతుంది. 1989–90 నుంచి దశాబ్దం పాటు అది 12 శాతంగా ఉండి, ఆ తరువాత తగ్గింది. 2015 ఆగస్టులో షేర్ల ఆధారిత ఈటీఎఫ్‌లలోకి ఆ నిధి తొలి అడుగు వేసినప్పుడు కూడా సూచీ ఒడిదుడుకులు నేరుగా సభ్యుడి ఖాతాను తాకలేదు. ఎంపిక లేని చోట హామీ ఉండడం న్యాయమైన ఒప్పందమే. సీపీఎస్ ఉద్యోగికి రెండూ లేవు.

ఇక్కడ ఒక అపోహను పరిశీలించాలి. ఉద్యమ కరపత్రాలలో ‘మన సొమ్ము షేర్ మార్కెట్ జూదంలో’ అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. 2008 జనవరిలో 20 వేలు దాటి ఉన్న సెన్సెక్స్ ఏడాది తిరగకముందే 10 వేల దిగువకు పడింది. 2020 మార్చిలోనూ రెండు నెలల్లో మూడో వంతుకు పైగా కోల్పోయింది. భయం అకారణం కాదు. కాని షేర్ల పాలు 15 శాతానికి పరిమితమైనప్పుడు మార్కెట్ సగానికి సగం పడినా మొత్తం నిధిలో తరుగు ఏడున్నర శాతం. ఆ తరుగును ఉద్యోగంలో ఉన్నవాడు కాలక్రమంలో పూడ్చుకోవచ్చు.

అసలు నష్టభయం మరొకచోట ఉంది. విరమణ నాడు ప్రభుత్వోద్యోగి తన నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. నిధి 40 లక్షలు అనుకుందాం. యాన్యుటీకి 16 లక్షలు. ఏటికి 8 శాతం రేటు ఉంటే నెలకు సుమారు 10,667 రూపాయలు వస్తాయి. విరమణ నాటికి రేటు 6 శాతానికి దిగితే 8,000. రేటులో రెండు శాతం తేడాకు నెలసరి భృతిలో నాలుగో వంతు పోయింది, అదీ జీవితాంతం. మార్కెట్ మళ్ళీ లేస్తుంది. ఒకసారి కొన్న యాన్యుటీ రేటు మారదు. ఆ 8,000 మీద కరువు ఉపశమనం లేదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళకు దాని కొనుగోలు శక్తి సగమవుతుంది. అరవై ఏళ్ళకు విరమించినవారికి డెబ్బై రెండేళ్ళ వయస్సులో, మందుల ఖర్చు పెరిగే దశలో, ఈ పరిస్థితి ఎదురవుతుంది. సగటు ఉద్యోగి చేతిలో లేనివీ, అతడు చర్చించనివీ ఈ రెండు భయాలే.

వీటికి తోడు జమలో జాప్యం. జీతం నుంచి కోసిన సొమ్ము ఖాతాకు చేరకపోతే ఆ కాలపు రాబడి ఖాతాలో పెరగదు. ఎన్.పి.ఎస్. నిర్వహణపై 2020లో కాగ్ సమర్పించిన నివేదిక ఉద్యోగుల నమోదులోనూ, చందాల జమలోనూ జాప్యాలను ఎత్తి చూపింది. చక్రవడ్డీ మీద నడిచే ఖాతాలో తొలి సంవత్సరాల జాప్యానికి మూల్యం చివరి సంవత్సరాలలో తెలుస్తుంది.

2013లో పార్లమెంటు ఆమోదించి 2014 ఫిబ్రవరి 1 నుంచి అమలైన పింఛను నిధి నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ఈ స్థితికి చట్టరూపం ఇచ్చింది. చందాదారు తనంతట తాను మార్కెట్ ఆధారిత హామీని కొనుక్కుంటే తప్ప, ప్రయోజనాలపై ప్రకటితంగా గాని పరోక్షంగా గాని ఏ హామీ ఉండదని 20వ సెక్షను చెబుతుంది. నష్టభయం ఎవరిదో ఇంత సూటిగా రాసుకున్న వాక్యం మన పింఛను చట్టాలలో మరొకటి లేదు.

చివరకు 2019 ఏప్రిల్ 1 నుంచి కేంద్రోద్యోగులకు ఎంపిక వచ్చింది. ప్రైవేటు సంస్థలతో సహా నిధి నిర్వాహకులను ఏడాదికొకసారి మార్చుకోవచ్చు. పూర్తిగా ప్రభుత్వ సెక్యూరిటీలలో గాని, వయస్సుతో పాటు షేర్ల పాలు తగ్గే రెండు మార్గాలలో ఒకదానిలో గాని పెట్టుకొనే వీలు 2019లో కలిగింది. ఏమీ చెప్పకపోతే పాత విభజనే కొనసాగుతుంది. రాష్ట్ర ఉద్యోగులకు ఇది తమ తమ ప్రభుత్వాల నిర్ణయాన్ని బట్టి అందవలసిన సదుపాయం. కేంద్రం వాటా 14 శాతానికి పెరిగింది కూడా ఆ రోజు నుంచే. మిక్కిలి మంది ఏమీ చెప్పకుండానే ఉండిపోయారు. దీన్ని ఆర్థిక నిరక్షరాస్యతగా కొట్టిపారేయడం తేలిక. పదిహేనేళ్ళు ‘ఇది నీ నిర్ణయం కాదు’ అని చెప్పిన వ్యవస్థ ఒకనాడు ఫారం చేతికిస్తే, సంతకం పెట్టని చేతిలో అపనమ్మకం కూడా ఉండవచ్చు.

6. హామీ తిరిగిరాక

ఖాతాకు బదిలీ అయిన నష్టభయం తిరిగి ఖజానా వైపు రావడం 2004 తరువాత ఐదేళ్ళకే మొదలైంది. సర్వీసులో మరణించినవారి, అశక్తులైనవారి కుటుంబాలకు పాత నియమాల ప్రకారం తాత్కాలిక ప్రయోజనాలను కేంద్రం 2009 మేలో ఇచ్చింది. అతి తక్కువ కాలం పనిచేసి మరణించినవారి ఖాతాలో ఏమీ ఉండదన్న సత్యం ఏ నమూనాకూ తప్పనిది. 2016లో గ్రాట్యుటీ వచ్చింది. తెలంగాణ 2021లో సీపీఎస్ ఉద్యోగుల కుటుంబాలకు పింఛను ప్రకటించింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్న ఎన్నికల ప్రశ్న అయింది. 2018లో ఎస్.పి. టక్కర్ నాయకత్వంలో ఒక సంఘాన్ని నియమించారు. 2019 ఎన్నికలకు ముందు వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి అధికారానికి వచ్చిన వారంలోగా సీపీఎస్‌ను రద్దు చేస్తామన్నారు. అధికారంలోకి వచ్చాక ఆయన ప్రభుత్వం రద్దుకు బదులు మధ్యేమార్గం వెతికింది. 2022లో మూలవేతనంలో 33 శాతం హామీతో మొదలైన ప్రతిపాదన, ఉద్యోగ సంఘాల తిరస్కరణ తరువాత, 2023 సెప్టెంబరులో 50 శాతం హామీ పింఛను చట్టంగా శాసనసభ ఆమోదం పొందింది. యాన్యుటీ నుంచి వచ్చేది ఆ 50 శాతానికి తక్కువైతే లోటును ప్రభుత్వం భర్తీ చేస్తుంది. సంఘాలు దీన్నీ అంగీకరించలేదు. 2024లో ప్రభుత్వం మారాక దాని భవితవ్యం మళ్ళీ చర్చలోకి వచ్చింది. రాజకీయంగా ఎవరు గెలిచారన్నది అటుంచితే, భట్టాచార్య సంఘం 2002లో సూచించిన మిశ్రమ పద్ధతి రెండు దశాబ్దాల తరువాత అమరావతిలో వేరొక పేరుతో తిరిగి కనిపించింది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్‌లు నేరుగా పాత పింఛనుకు మళ్ళుతున్నట్లు ప్రకటించిన కాలం అది.

పాత పింఛనుకు తిరిగి వెళ్ళితే నష్టభయం మాయం కాదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. నాటి పింఛనుకు ప్రత్యేక నిధి లేదు; ఆ ఏటి పన్నుల నుంచి ఆ ఏటి పింఛన్లు. అంటే భారం నేటి బడి పిల్లల మీదికి, రేపటి ఖజానా మీదికి జరుగుతుంది. ఆ పిల్లలకూ ఎంపిక లేదు. అయితే వ్యక్తి కన్నా ప్రభుత్వం ఎక్కువ కాలం బ్రతుకుతుంది. ఒక తరం చెడ్డ కాలాన్ని మరొక తరం మంచి కాలంతో సర్దగలదు. ఒంటరి ఖాతాదారుకు ఆ వెసులుబాటు లేదు. ఈ తేడా వల్లనే హామీ కోసం అడగడం సోమరితనమూ కాదు, ప్రత్యేక హక్కు కోసం ఆరాటమూ కాదు.

కేంద్రం 2024 ఆగస్టు 24న ఆమోదించి 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన ఏకీకృత పింఛను పథకంలో 25 ఏళ్ళ సర్వీసుకు చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో 50 శాతం హామీ. పదేళ్ళకు కనీసం 10,000 రూపాయలు. దాని మీద కరువు ఉపశమనం. ఉద్యోగి మరణానంతరం జీవిత భాగస్వామికి అందులో 60 శాతం. ప్రభుత్వ వాటా 18.5 శాతం. అందులో 8.5 శాతం ఉమ్మడి నిధికి పోతుంది. వ్యక్తిగత నిధిని ఉద్యోగి తనకు నచ్చిన రీతిలో మదుపు చేయవచ్చు. కాని ప్రామాణిక విభజనలో ఉంచితే పెరిగి ఉండే మొత్తం కన్నా తన నిధి తక్కువైతే, ఆ మేరకు హామీ పింఛనూ తగ్గుతుంది. విరమణ నాడు నిధి నుంచి 60 శాతం వరకు తీసుకుంటే దానికి తగిన కోత పడుతుంది. ఎంపిక చేసుకున్నవాడు ఎంపిక మేరకే నష్టభయం భరిస్తాడు. చేసుకోనివాడికి హామీ నిలుస్తుంది. 2004లో లేని పొందిక ఇది.

దీనికి మూల్యం కూడా ఉంది. పాత ఖాతాలో, కొనుగోలు ధర వారసులకు తిరిగి వచ్చే యాన్యుటీని ఎంచుకుంటే, మిగిలిన సొమ్ము పిల్లలకు చేరుతుంది. ఏకీకృత పథకంలో పూర్తి హామీ కావాలంటే వ్యక్తిగత నిధిని ఉమ్మడి నిధికి అప్పగించాలి. భార్యాభర్తలిద్దరి తరువాత అది ఇంటికి రాదు. 1957లో రైల్వే ఉద్యోగి ముందున్న తూకం ఇదే: తన దీర్ఘాయువుకు భరోసానా, తన తరువాతివారికి సొమ్మా? ఎంచుకోవడానికి 2025 జూన్ 30 వరకు ఇచ్చిన గడువు సెప్టెంబరు 30కి, అక్కడి నుంచి నవంబరు 30కి జరిగింది. రైల్వే వారికి ఐచ్ఛికాలన్నీ ఖాతా నుంచి పింఛను వైపు తెరిచారు. ఈసారి గడువు తరువాత తెరిచి ఉంచిన తలుపు ఒక్కటే, అదీ ఎదురు దిశలో. హామీ పథకంలో చేరినవారు విరమణకు ఏడాది ముందు వరకు ఒకసారి ఎన్.పి.ఎస్. ఖాతాకు మారవచ్చు, మారినవారు తిరిగి రాలేరు.